మడిచిన పెట్టె

బడి రికార్డుల్లో ఆ పిల్లకు చక్కటి పేరే ఉంది కానీ, ఇంట్లో పిలుపు మాత్రం మిరపకాయ. కోపం ముక్కు మీదే ఉంటుంది. పుట్టుకతోనే చూపు లేదు. దేవుడు కళ్ళలో తగ్గించిందంతా నోట్లో కూరాడని వాళ్ళమ్మ నవ్వుతూ అనేది. అమ్మ టైలరు. ముందుగదిలో మిషను పెట్టుకుని ఊరందరి బట్టలూ కుట్టేది, ఊరందరి తిట్లూ తినేది.

మిరపకాయ కాలేజీలో ఉండగా ఓ పథకం వచ్చింది. వైకల్యం ఉన్న విద్యార్థులు చదువుకుంటూనే వారంలో సగం రోజులు ఎక్కడో ఒక చోట పనిచేయాలి. జీతం పథకమే ఇస్తుంది. పని బాగుంటే చివర్లో ఆ కంపెనీయే ఉద్యోగంలోకి తీసుకుంటుంది. వివరాలన్నీ చెప్పిన కాలేజీ మేడమ్ ఈ చివరి ముక్కను ఏదో మర్యాదకు అన్నట్టు గబగబా అనేసింది. మిరపకాయ మాత్రం దాన్నే పట్టుకుని కూర్చుంది. ఉద్యోగం! మిగతా పథకమంతా ఎవరికి కావాలి?

ఆమెను ఓ పెద్ద బేకరీకి పంపారు. అక్కడ ప్యాకింగ్ గదిలో, మెట్ల పక్క మూలన చిన్న బల్ల వేశారు. బల్ల కింద అట్టల కట్టలు. ఒక్కో అట్టను గీతల వెంట మడిచి, రెక్కల్ని సందుల్లోకి దూర్చితే కేకు పెట్టె తయారవుతుంది. అక్కడ బ్రెడ్డు ప్యాక్ చేసే అక్క ఒక్కసారి చేయి పట్టుకుని చూపించింది, రెండోసారి చూపించాల్సిన అవసరం రాలేదు. కొన్నాళ్ళకే మిరపకాయ చేతులు ఎంత చురుకెక్కాయంటే, అక్క బ్రెడ్డు బల్ల దగ్గరనుంచి మంచినీళ్ళకు వెళ్ళి వచ్చేలోగా పక్కన పెట్టెల గోడే లేచేది.

మేనేజరు అటు పోతూ ఇటు వస్తూ "సూపర్ తల్లీ, సూపర్!" అనేవాడు. ఓసారి ఓ వరస పెట్టెలకు మూతలు తిరగేసి పెట్టింది. నాలుక కరుచుకుని తనే చెప్పింది. "పర్లేదు తల్లీ" అన్నాడు. వాన పడి ఆలస్యంగా వెళ్ళింది. "పర్లేదు తల్లీ." అమ్మ కుట్టిన జాకెట్టు చేతి అంచు కాస్త వంకర పోతే కుట్టించుకున్నవాళ్ళు వీధి వీధంతా వినపడేలా అరిచేవాళ్ళు. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. ఎంత మంచివాళ్ళో అనుకుంది. ఇంటికెళ్ళి కథలు కథలుగా చెప్పింది. అమ్మ వాటికి కొంత కలిపి పక్కింటి పిన్నికి చెప్పింది. పిన్ని లెక్కలో బేకరీ సగం మిరపకాయే నడుపుతోంది.

మొదట్లో అట్టలు బిరుసుగా ఉండేవి. గీత దగ్గర వంచితే టక్కుమనేవి. ఆ చప్పుడంటే ఆమెకు ఇష్టం. రానురాను చప్పుడు పోయింది, అట్ట చేతిలో వాలిపోతోంది. మేనేజర్ని అడిగితే "కొత్త రకం తల్లీ, మెత్తటి అట్ట" అన్నాడు. నమ్మింది. నమ్మకేం చేస్తుంది, పెద్దమనిషి చెప్పాక?

ఆమెకో అలవాటుంది. చివరి రెక్కను సందులోకి తోసేటప్పుడు బొటనవేలి గోటితో గట్టిగా నొక్కుతుంది. అక్కడ చిన్న నొక్కు పడుతుంది. చూసేవాళ్ళకు కనిపించేది కాదు, కనిపించినా పట్టించుకునేది కాదు. ఒకరోజు కట్టలోంచి తీసిన అట్టను ఇంకా మడవకముందే ఆమె వేలు ఆ రెక్క మీద ఆగింది. నొక్కు ఉంది. గోరు ఆనించి చూసింది. సరిగ్గా పట్టింది. ఇంకో అట్ట తీసింది. దానికీ ఉంది. కట్ట అడుగునుంచి లాగింది. దాని మీద ఒకటి కాదు, పక్కపక్కనే బోలెడు.

తల కొట్టేసినట్టయింది. తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి, కర్ర కూడా తీసుకోకుండా, గోడ తడుముకుంటూ బ్రెడ్డు బల్ల దగ్గరికి నడిచింది.

"అక్కా, నా పెట్టెలు ఎవరు విప్పుతున్నారు?"

అక్క చేతుల్లో కవరు గలగల ఆగిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"నా గోరు చెప్పింది. ఎవరు?"

"నేనే" అంది అక్క. అని ఊరుకోలేదు, ఎన్నాళ్ళనుంచో కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది. "కేకులకి ప్లాస్టిక్ డబ్బాలొచ్చి ఎన్నాళ్ళో అయింది. ఈ అట్టలు గోడౌన్లో పాతవి, పారేసేవి. నువ్వెళ్ళాక రోజూ నేను కూర్చుని వీటన్నిటినీ విప్పాలి, చదును చెయ్యాలి, కట్టకట్టి నీ బల్ల కింద పెట్టాలి. నా పని కాక ఇదొకటి. బస్సు వెళ్ళిపోతుంది, ఇంటికెళ్తే పిల్లలు పస్తు మొహాలేసుకుని కూర్చుంటారు. నువ్వు ఎంత తొందరగా మడిస్తే నాకంత చాకిరీ. ఈ పిల్లకి చేతులు ఇంత చురుగ్గా ఎందుకిచ్చావురా దేవుడా అని తిట్టుకోని రోజు లేదు, తెలుసా?"

మిరపకాయ తన వేగం చూసుకుని ఎంత మురిసిపోయింది! ఆ వేగమంతా ఇంకో మనిషి నడుము విరగ్గొట్టడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

మేనేజరు గదికి వెళ్ళి అడిగేసింది. అతను ముందు దగ్గాడు, తర్వాత నవ్వాడు.

"నీకిప్పుడు ఏం తక్కువైంది తల్లీ? జీతం వస్తోంది. ఫ్యాను కింద కూర్చుంటున్నావు. ఎవరైనా ఒక్క మాట అన్నారా నిన్ను?"

"పని లేదు సార్. నాకు పని ఇవ్వండి. బ్రెడ్డు బల్ల దగ్గర వెయ్యండి, నేర్చుకుంటాను."

"అక్కడ నిజం ఆర్డర్లమ్మా. తేడా వస్తే దుకాణాల వాళ్ళు వెనక్కి కొడతారు."

నిజం ఆర్డర్లట! అంటే ఇన్నాళ్ళూ తనది బొమ్మలాట. చంటిపిల్ల వంటింట్లోకి వస్తే నాలుగు గిన్నెలు ముందు పడేసి ఆడుకోమన్నట్టు కూర్చోబెట్టారు. పథకం డబ్బిస్తోంది, బేకరీకి మంచిపేరు వస్తోంది, వీళ్ళ సొమ్మేం పోయింది?

కాలేజీ మేడమ్‌కి ఫోన్ చేసింది. అంతా విన్నాక మేడమ్ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో ఆశ్చర్యం మచ్చుకైనా లేదు. "గొడవ చెయ్యకు బంగారం. అసలు తలుపు తీసిందే వీళ్ళు. నీ వెనక ఇంకా పిల్లలున్నారు, వాళ్ళ చోటు కూడా పోతుంది."

అంటే ఈవిడకూ తెలుసు. తెలియనిది తనొక్కదానికే.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పింది. అమ్మ మిషను ఆపలేదు. "జీతమైతే వస్తోంది కదే" అంది మెల్లగా. మిరపకాయ విసురుగా లేచి గోడకేసి తిరిగి కూర్చుంది. మిషను ఇంకాస్త దూరం నడిచి ఆగింది.

"ఏమే, నేను కుట్టిన చొక్కాని ఎవడైనా రాత్రికి కుట్లూడదీసి, పొద్దున్నే గుడ్డముక్కలు చేసి నాకే తెచ్చిస్తే..." అంది అమ్మ, ఆలోచిస్తూ. ఆలోచించే కొద్దీ ఆవిడ గొంతు మారింది. "పైగా బాగా కుట్టావమ్మా అని వీపు తడితే... ఈ కత్తెరతో వాడి చెవులు కోసెయ్యనూ! నువ్వేం చేస్తావో నీ ఇష్టం. చోటు పోతే పోయింది."

ఆ వారమే పథకం పెద్దలు బేకరీ చూడడానికి వచ్చారు. నేల కడిగారు. మిరపకాయకు కొత్త టోపీ పెట్టారు. ఆమె పక్కన మడిచిన పెట్టెల్ని ఎత్తుగా పేర్పించారు, ఫోటోలో బాగుంటుందని. మేడమ్ వచ్చి చెవిలో "మాట్లాడించినప్పుడు నవ్వుతూ మాట్లాడు" అని చెప్పి వెళ్ళింది.

"మా సంస్థ మొత్తంలో ఈ అమ్మాయంత వేగం ఎవరికీ లేదండీ" అన్నాడు మేనేజరు. "తల్లీ, ఒకసారి చేసి చూపించు."

మిరపకాయ బల్ల కిందికి వంగలేదు. పక్కనున్న పెట్టెల గోడ మీదనుంచి ఒకటి దించింది. రెక్కలు లాగింది, విప్పింది, అరచేత్తో చదును చేసి బల్ల మీద పెట్టింది. ఇంకోటి దించింది. విప్పింది. ఇంకోటి. మడవడంలో ఉన్న చురుకంతా విప్పడంలోనూ ఉంది.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. "చూపు లేకపోయినా ఎంత చక్కగా చేస్తోందో!" అంది ఓ ఆడగొంతు, కరిగిపోతూ. కెమెరా చప్పుడు వినిపించింది. ఆమె ఏం చేస్తోందో వాళ్ళలో ఒక్కరికీ పట్టలేదు. మడిచినా చప్పట్లే, విప్పినా చప్పట్లే, చించినా చప్పట్లే కొట్టేలా ఉన్నారు. ఒళ్ళు మండిపోయింది.

"చప్పట్లు ఆపండి" అంది. "నేను చేసేది సాయంత్రం పని. రోజూ నేనెళ్ళాక ఈ అక్క వీటిని విప్పుతుంది, మర్నాడు నేను మళ్ళీ మడుస్తాను. ఈ అట్టలే. ఈ బేకరీలో ఒక్క కేకు కూడా నా పెట్టెలో బయటికి పోలేదు. ఇవాళైనా అక్క బస్సు అందుకుంటుందని నేనే విప్పేస్తున్నాను."

వచ్చినవాళ్ళలో పెద్దాయన "ఇది నిజమేనా?" అని అడిగాడు.

"శిక్షణండీ" అన్నాడు మేనేజరు. "ముందు చెయ్యి తిరగాలని..."

"తిరిగింది సార్. ఎప్పుడో తిరిగింది. పని ఇవ్వండి, లేకపోతే ఇవ్వమని మొహం మీదే చెప్పండి. ఈ నాటకం మాత్రం నావల్ల కాదు."

పరిశీలిస్తామన్నాడు పెద్దాయన. పెద్దవాళ్ళకు అదో ఊతపదం. మేడమ్ ఎక్కడో ముక్కు చీదుకుంటోంది. మేనేజరు పళ్ళ సందునుంచి "ఇంక ఇంటికెళ్ళు తల్లీ" అన్నాడు.

అప్పుడు బ్రెడ్డు బల్ల దగ్గర ఏదో దబ్బున పడింది. "సార్, దుకాణాల బండి వచ్చే వేళైంది" అంది అక్క గట్టిగా. "ఇద్దరు రాలేదివాళ. ఆ పిల్లని ఇటు పంపండి, లేదంటే మీరొచ్చి కట్టండి."

అంతమంది ముందు మేనేజరు కాదనలేకపోయాడు. సరేనని కూడా అనలేదు. మిరపకాయ లేచి నడిచింది. అక్క ఆమె చేతికి ఓ బ్రెడ్డు, ఓ కవరు, మూతి బిగించే చిన్న తీగ ఇచ్చి, ఒక్కసారి చేయి పట్టుకుని చూపించింది. బ్రెడ్డు ఇంకా గోరువెచ్చగా ఉంది. వేలు కాస్త గట్టిగా తగిలితే సొట్ట పడేలా ఉంది. మిరపకాయ దాన్ని కవర్లోకి జార్చి, మూతి మెలిపెట్టి, తీగ చుట్టి ముందుకు తోసింది.

అక్క దాన్ని నొక్కి చూసింది.

"ఇదేం కట్టడమే? గాలంతా లోపలే ఉంది. రేపటికి బూజు పట్టి నా నెత్తి మీద కొడతారు. మనసెక్కడ పెట్టుకుని చేస్తున్నావు? తియ్, మళ్ళీ కట్టు."

ఆ గోడల మధ్య పని బాగాలేదని ఆమెను ఒకరు తిట్టడం అదే మొదలు. రేపు గేటు లోపలికి రానిస్తారో లేదో తెలియదు. మిరపకాయ తీగ ఊడదీసి, గాలంతా బయటికి నొక్కి, ఈసారి ఊపిరి బిగబట్టి మరీ కట్టి అక్క చేతిలో పెట్టింది.

అక్క బాగుందనలేదు, బాగాలేదనలేదు. బండిలోకి వెళ్ళే పెట్టెలోకి విసిరి, "ఊఁ, ఇంకోటి" అంది.