రెండూ చదివినవాడు

పరశురాములు చిన్నప్పుడు మందలో గొర్రెలకు జబ్బు తగిలితే, తండ్రి పెద్దయ్య పశువుల డాక్టరును పిలిచి సూదులు వేయించేవాడు. ఆ వెంటనే మంద చుట్టూ పసుపునీళ్లు చల్లి లింగమంతుల స్వామికి మొక్కేవాడు. గొర్రెలు కోలుకునేవి. "నాయినా, దేంతోటి తగ్గింది?" అని పిల్లాడు అడిగితే పెద్దయ్య నవ్వి, "సదువుకొని నువ్వే చెప్పు బిడ్డా" అనేవాడు.

ఆ మాట పట్టుకుని పరశురాములు తిరుమలగిరి నుంచి సూర్యాపేట పోయి జువాలజీ చదివాడు. అక్కడ సూది సంగతి తేలింది గానీ పసుపునీళ్ల సంగతి తేలలేదు. హైదరాబాదులో సైన్సూ మతమూ అనే పరిశోధనలో చేరాడు. రెండూ వేర్వేరు ప్రశ్నలని, ఒకదాని తూకంతో ఇంకోదాన్ని కొలవకూడదని సెమినార్లలో మహా గొప్పగా చెప్పేవాడు. చప్పట్లు కొట్టేవాళ్లకేం, వాళ్లింట్లో ఎవరికీ కిడ్నీలు పోలేదు.

పెద్దయ్యకు పోయాయి. వారానికి రెండుసార్లు సూర్యాపేట దవాఖానలో చేతికి సూదులు గుచ్చి డయాలసిస్. ఈమధ్య ఊళ్లో శివసత్తి పూనకంలో "సూదులు మానెయ్, స్వామే సూసుకుంటడు" అన్నదట. అంతే, ముసలాయన మంచం దిగనని భీష్మించుకున్నాడు. తల్లి సత్తమ్మ కొడుకును పిలిపించింది. గడపలోనే చెయ్యి పట్టుకుంది.

"నీ మాటంటె మీ నాయినకు గురి. స్వామి నీ కలలకొచ్చి సూది పెట్టిచ్చుకోమన్నడని చెప్పు. గంతే."

"కల రాలేదమ్మా."

"వచ్చిందనరాదురా?"

స్వామి పేరుతో అబద్ధమాడితే ఇన్నేళ్ల చదువుకు అర్థమేముంది అనుకున్నాడు పరశురాములు. పాడు చదువు! నిజం చెప్పే ఒప్పించగలనన్న ధీమా కూడా ఉంది. పోయి మంచం పక్కన కూర్చున్నాడు.

"రెండూ సదివినవ్ గద, జర చెప్పు," అన్నాడు పెద్దయ్య. "సూదితోటి నయమైతదా?"

"నయం గాదు నాయినా. పానం నిలుస్తది. మానేస్తే మాత్రం బతకవు."

"స్వామి నయం చెయ్యడని చెప్పగలవా?"

చెయ్యడన్న మాట నోటిదాకా వచ్చింది. రుజువు లేని మాట ఎట్లా అనడం?

"అది... చెప్పలేను."

"ఇగ తేలింది గద," అన్నాడు పెద్దయ్య. ముఖం విప్పారింది. కొడుకే దారి చూపాడని వచ్చినవాళ్లందరికీ సంబరంగా చెప్పుకున్నాడు. పరశురాములు బతిమాలాడు, ఏడ్చాడు, కాళ్లు పట్టుకున్నాడు. "నువ్వే చెప్తివి గదరా" అని తప్ప ముసలాయన ఇంకో మాట అనలేదు.

ఒళ్లంతా నీరు పట్టింది. ఊపిరాడక కొట్టుకుంటుంటే అంబులెన్సు ఎక్కించారు. సూర్యాపేట ఇంకా చాలా దూరం ఉండగా పెద్దయ్య కొడుకు చొక్కా పట్టుకున్నాడు.

"సూది పెట్టియ్యి బిడ్డా," అన్నాడు. "బతకాలనున్నది."

"పెట్టిస్త నాయినా. గిదిగో, దవాఖానకు వచ్చేసినం."

కిటికీ అవతల పత్తి చేలు తప్ప ఏమీ లేవు. చొక్కా పట్టుకున్న చెయ్యి వదులైంది. సత్తమ్మ ఆ చేతిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది. కొడుకు వైపు చూసింది.

"గా అబద్ధమేదో ఆనాడే ఆడితే అయిపోయేది గదరా," అన్నది.