ఉలి గీసిన వజ్రమ్మ

మెడ దగ్గరే అసలు పని. ముఖం ఒక్కటే తెల్లగా చేసి మెడను మరిచిపోతే, ఎవరి తలకాయో తెచ్చి అతికించినట్టు ఉంటుంది. లీడరు జనార్ధన్ గారి పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆ మెడను ముఖంతో కలిపేస్తూ, బాలేష్ ఎడమ చేత్తో చల్లారిన టీ అందుకున్నాడు. మేడ్చల్‌లో ఆ ఫ్లెక్సీ దుకాణంలో పన్నెండేళ్లుగా అతనిది అదే కుర్చీ. నలభై రెండేళ్ల మనిషి. వంగిపోయిన వీపు, ఇంకు మరక వదలని గోళ్లు, తెర చూసి చూసి చికిలించే కళ్లు. యజమాని మహేందర్‌ది ఒకటే చట్టం: ఏ ముఖమైనా సరే, రెండు పాయింట్లు తెలుపు పెంచకుండా మిషన్ ఎక్కకూడదు. ఈ లెక్కన మేడ్చల్ జనమంతా గోడల మీద ఒక రంగు, గోడల కింద ఇంకో రంగు.

ఆ చట్టం బాలేష్ ఇంటినీ వదల్లేదు. వాళ్లు వడ్డెరలు, రాళ్లు కొట్టి బతికినవాళ్లు. శామీర్‌పేట దిక్కు కంకర కొట్టి తనను పెంచిన అవ్వ రుక్కమ్మ పోయినప్పుడు, పదో రోజుకు ఫ్లెక్సీ అతనే చేశాడు. ఏడుస్తూనే చేశాడు. చెయ్యి అలవాటు కొద్దీ రెండు పాయింట్లు పెంచింది. ముడతలతో పాటు గడ్డం మీది మూడు పచ్చబొట్టు చుక్కలూ తుడిచిపెట్టుకుపోయాయి. దినానికి వచ్చిన అవ్వ చెల్లెలు ఆ ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడి, "గీమె ఎవలు బిడ్డా?" అని అడిగింది. ఆ మాటకు బాలేష్ సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ నెలలోనే అతను ఫోనులో 'వజ్రమ్మ కోట' వినడం మొదలుపెట్టాడు. వినే కథే, బొమ్మలుండవు. రాళ్లు కొట్టే నల్లపిల్ల వజ్రమ్మ కోట కట్టి, చివరికి ఆ కోటనే ఏలుతుంది. దానికి ఆన్‌లైన్‌లో 'వజ్రమ్మ సైన్యం' అని నాలుగు వేలమంది అభిమానుల గుంపు. కథలో నలుపని వందసార్లు చెప్పినా, అందులో అందరూ ఆమెను పాలమీగడలాగే గీసేవారు. బాలేష్ 'ఉలి' అన్న పేరుతో చేరి తన వజ్రమ్మను పెట్టాడు. అవ్వ ముక్కు, అవ్వ చుక్కలు, అవ్వ నలుపు.

కొందరు కాకి అన్నారు. గుంపు నడిపే నయన అనే అమ్మాయి వాళ్ల నోళ్లు మూయించి, అతనికి విడిగా రాసింది: "నేను గూడ నలుపే అన్నా. మా అసుంటి మొఖం రాణి లెక్క ఎన్నడు జూడలే." ఆ రాత్రి అన్నం సయించనంత సంతోషం అతనికి. రెండేళ్లుగా రోజూ మాటలే, అప్పుడప్పుడు ఆమె గొంతు కూడా పంపేది, అతను మాత్రం రాతతోనే సరిపెట్టేవాడు. అది ఎవరి ముఖమో ఆమెకు చెప్పాడు. తను చేసే పని మాత్రం చెప్పలేదు, ఆమె అడగలేదు. ఈ సాయంత్రమే తూంకుంటలో గుంపు మూడేళ్ల పండుగ, అందరూ మొదటిసారి ఒకచోట కలుస్తున్నారు. బాలేష్ కొత్త చొక్కా తొడుక్కుని మరీ పనికి వచ్చాడు. పెళ్లిచూపులకా అని మహేందర్ పొద్దుటి నుంచీ ఆటపట్టిస్తున్నాడు.

పదకొండింటికి తూంకుంట ఫంక్షన్ హాలు డెకరేషన్ వాళ్ల నుంచి అర్జంటు ఆర్డరు వచ్చింది. తెరిచి చూస్తే వజ్రమ్మ. గీతలన్నీ అతనివే. చెవి దగ్గర విడిపోయిన వెంట్రుకలు కూడా అతను గీసినవే. ఒళ్లు మాత్రం గులాబీ తెలుపు. గడ్డం మీద చుక్కలు లేవు.

ఎవరో ఆకతాయిలు చేసి ఉంటారనుకున్నాడు. పాపం, నయనకు తెలియదనుకున్నాడు. పండుగలో నా బొమ్మే పెడుతున్నారా అని ఫోనులో ఆమెనే అడిగాడు. జవాబు వెంటనే వచ్చింది: "నీ బొమ్మనే అన్నా. ఉన్నది ఉన్నట్టే పెడుతున్నం."

మూడుసార్లు చదివాడు. కాకి అన్నవాళ్లు కనీసం ఎదురుగా అన్నారు. ఈమె అన్నా అంటూనే ముంచింది.

అసలు బొమ్మ అతని ఫోనులోనే ఉంది, మార్చి వేయడం పది నిమిషాల పని. కానీ పిలిచి పీట వేయాల్సిన మనిషిని దొంగచాటుగా గోడెక్కిస్తే అది అవ్వకు మర్యాదా? ఈలోగా మహేందర్ ఆటో వచ్చిందని కేక వేశాడు. ఫ్లెక్సీ మిషన్ లోంచి సగం బయటికి వచ్చాక గానీ బాలేష్ చూసుకోలేదు. చెయ్యి తన పాటికి తను ఇంకో రెండు పాయింట్లు పెంచేసింది. వజ్రమ్మ ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

కట్టడానికి మనిషి లేడని మహేందర్ అతన్నే పంపాడు. హాల్లో నిచ్చెనెక్కి తాళ్లు బిగిస్తుంటే కింద నుంచి ఒక అమ్మాయి ఎడమ దిక్కు జెర లేపమంది. ఆ గొంతు అతనికి బాగా తెలుసు. పౌడరు మందంగా పూసిన ముఖం, దాని కింద చక్కని నల్లని మెడ. ఆమె ఫ్లెక్సీని చూసి మురిసిపోయింది.

"గీమె కథల నలుపు గద మేడం?" అన్నాడు బాలేష్, తాడు మీంచి చూపు తిప్పకుండా.

"కథల నలుపే అన్నా. స్టేజి మీద గట్ల పెడితే మంది నవ్వుతరు. నేనే మార్పిచ్చిన."

"గీసినాయినకు ఎర్కనేనా?"

"చెప్పలే. ఆయన మంచోడు, ఏమనడు."

నేనే ఆ ఉలిని అన్న మాట గొంతు దాకా వచ్చింది. చెబితే ఆమె నొచ్చుకుంటుంది, బతిమాలుతుంది, తను కరిగిపోతాడు. మంచోడు కదా. ముడి గట్టిగా బిగించి, నిచ్చెన దిగి, బయట వేపచెట్టు కింద ఆగి ఫోను తీశాడు. గుంపులోంచి వెళ్లిపోతారా అని ఫోను ఒక్కసారే అడిగింది. వేలు నొక్కాడు. 'ఉలి వెళ్లిపోయారు' అన్న చిన్న అక్షరాలు, నిమిషం తిరగకముందే, ఏర్పాట్లు చూసేవాళ్లు వేదిక ముందు నిలబడి దిగిన సెల్ఫీల కింద మునిగిపోయాయి. మేడ్చల్ వైపు పోయే ఆటోలో వెనక సీటు దొరికింది. దారి పొడుగునా ఫ్లెక్సీల్లో తెల్లటి ముఖాలు, అన్నీ తను చేసినవే.

సాయంత్రం హాలు గుమ్మం దగ్గర బల్ల మీద పేర్ల బిళ్లలు పరిచారు. వచ్చినవాళ్లు తమ తమ బిళ్లలు వెతుక్కుని, మెడలో వేసుకుని, నవ్వుకుంటూ లోపలికి పోయారు. దీపాలు వెలిగే వేళకు ఖాళీ బల్ల మీద ఒక్కటి మిగిలింది. ఎర్ర దారం, గుండ్రని అక్షరాలతో 'ఉలి అన్న'.