ముప్పైనాలుగుతో మొదలు

సైన్యం ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో ఊరందరికన్నా ముందు మా కుట్టుశాలలోని కోత బల్లకు తెలిసేది. ఖాకీ గుడ్డ పొరలు బల్లమీద జానెడు లేస్తే కొత్త పటాలాలు పుట్టినట్టు. బెత్తెడుకు దిగితే పాతవి ఇళ్లకు మళ్లినట్టు.

నా కత్తెరకు ఇంకొకటి కూడా తెలిసేది. సైన్యం పెరిగేకొద్దీ చొక్కా చిన్నదవుతుంది. మొదట్లో ఆర్డరు కాగితం ముప్పైనాలుగు అంగుళాల ఛాతీతో మొదలయ్యేది. మనుషులు చాలక ముప్పైరెండుకు దిగింది. పోయినేడు ముప్పైకి. అంతకన్నా సన్నగా ఉన్నవాణ్ణి మాత్రమే ఇంటికి పంపేవారు.

నా తమ్ముడి ఛాతీ ముప్పైన్నర. ఈడొచ్చిన మగవాళ్లందర్నీ బలవంతంగా సైన్యంలోకి లాగుతున్న రోజులవి; సోమవారం వాడికి కొలతల పరీక్ష. ఆ అరంగుళాన్నీ, పైన మరో పిసరునీ కరిగించి తప్పించుకోవాలని నెలరోజులుగా సగం కడుపే తింటున్నాడు. రోజూ పొద్దున్నే నా టేపు ముందు నిలబడేవాడు.

"ఊపిరి వదిలెయ్‌రా."

"వదిలేశానక్కా. ఇక మిగిలింది ప్రాణమే."

శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రి కొత్త ఆర్డరు కాగితం తెచ్చి బల్లమీద పరిచాడు. మొహం వేలాడేసుకున్నాడు.

"సైన్యాన్ని సగానికి సగం తగ్గించారమ్మా. ఆరు బల్లల్లో మూడు మూసెయ్యాలి."

"అయితే మన నోట్లో మన్నేనన్నమాట," అంది గుండీలు కుట్టే పిన్ని.

"నీ నోటికి ఊళ్లో మన్నంతా తోలినా చాలదులే!" అన్నాడు మేస్త్రి.

నా వేలు మాత్రం కొలతల వరుస వెంట పాకుతోంది. ముప్పై ఎదురుగా గీత. ముప్పైరెండు ఎదురుగా గీత. తొలి అంకె ముప్పైనాలుగు దగ్గరే.

"మేస్త్రిగారూ, ఈ గీతలు పొరపాటు కాదుగా?"

"పొరపాటేమిటమ్మా, కింద రాశారు చూడు. ఇకమీద ముప్పైనాలుగుకు తక్కువైతే తీసుకోరట."

కత్తెర పక్కన పెట్టి, ఉన్నచోటనే కూలబడ్డాను. పిన్ని పరుగున నీళ్లు తెచ్చింది.

"పని తగ్గిందని ఏడుస్తావా, పిచ్చిదానా?"

"కాదు పిన్నీ. మా వాడికి ఎంత ఆకలిగా ఉందో!"

సాయంత్రం చెబితే తమ్ముడు నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ తరవాత కంచం ముందు కూర్చుని తలెత్తకుండా తిన్నాడు. మూడోసారి వడ్డించబోతే ఉలిక్కిపడి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దక్కా! సోమవారానికి ముప్పైనాలుగైపోతే?"

"మూడున్నర అంగుళాలురా! బండెడు మింగినా రావు. చెయ్యి తియ్యి."

తీశాడు.