గోడకు చెప్పిన పాఠము

తొలకరి మేఘములు గోదావరీతీర కేదారములపై నీలకంబళమువలె పరచుకొని, నారుమళ్ల నడుమ కొంగలబారులు కదలు మల్లెదండల భ్రాంతి గొల్పుచుండగా, తడిసిన మంటి కమ్మదనము వైద్యకళాశాల గవాక్షముల దూరి ఔషధగంధమును సైతము గెలిచిన యొక యాషాఢ ప్రభాతమున, ఆచార్యురాలు ఈడ్పుగంటి విశాలాక్షి కొత్తగా సున్నము వేయించిన మందిరమున కుర్చీలను వలయాకారముగా సర్దుచుండెను.

అది వైద్యబోధనాభివృద్ధి కేంద్రము. పాఠము చెప్పువారికి పాఠము చెప్పుట నేర్పు తావు. బోధనను చిత్రించు కెమేరాయు, దానిని మరల చూపు పెద్దతెరయు నందలి సాధనములు. చెప్పులరుగ తిరిగి ఆమె సాధించిన యా కేంద్రమునకు ప్రిన్సిపాలుగారు విధించిన నియమ మొక్కటియే: తొలి శిక్షణకు కళాశాలలోని పెద్దలు శిష్యులై కూర్చుండవలెను. లేనిచో నా మందిరము పూర్వమువలె విఱిగిన మంచముల కొట్టు కావలసినదే.

పెద్దలందఱును వచ్చిరి గాని యొక్కరును కూర్చుండలేదు. శరీరధర్మశాస్త్రాచార్యులు పరిమి కోదండపాణిగారు కూర్చుండనిదే యెవ్వరును కూర్చుండరాదనుట యచ్చటి యాచారము. ఆయన విశాలాక్షికి గురువు, సింహగంభీరస్వరుడు, మనసు వెన్న, మాట మిరపకాయ. ఆయన వచ్చి వలయమును కలయజూచెను.

"అమ్మాయీ, ఇందు నా కుర్చీ యేది?"

"అన్నియు మీవే, గురువుగారూ."

"మాటకేమి, నేను నేర్పినదే గదా! దున్ని దున్ని ముసలియైన యెద్దునకు మరల కాడి మోయ నేర్పెదవా?" అని యాయన చేతులు కట్టుకొని నిలిచెను. తక్కినవారును నిలిచిరి.

విశాలాక్షి తెరవంక నడచెను. గురువు పాఠమును తెరపై వేసి పదుగురిలో తప్పులెన్నుటకంటె కేంద్రము మూతపడుటయే మేలని యెంచిన యా శిష్యురాలు, మంచి బోధనకు మచ్చుగా తన పాఠమునే చిత్రింపించి యుంచెను. తన్ను తాను చూచుకొనుటకు సిగ్గుపడి ముందుగా చూడనేలేదు. దీపము లార్పి దానిని చూపెను.

తెరపై నామె హృదయకవాటములను వర్ణించుచుండెను. ఎడమచేయి నడుముపై, కుడిచేత సుద్దముక్క, మొగము నల్లబల్లవైపు. గుండెచప్పుడు మాట వచ్చినపుడెల్ల సుద్దముక్కతో బల్లను టకటక తాటించును. ఆమె జడ తప్ప విద్యార్థులవంక తిరిగిన దేదియు లేదు.

"అమ్మాయీ!" యని కోదండపాణి గర్జించెను. "గోడకు పాఠము చెప్పుచున్నావేమి? ఆ గోడ యేమైన పరీక్ష వ్రాయునా?"

పైటచెంగులలోను చేతిరుమాళ్లలోను నవ్వులు దాగెను. విశాలాక్షి మొగము కందగడ్డయయ్యెను. మందుల శాస్త్రము బోధించు మస్తాన్ సాహెబుగారు ఆయన యీడువాడు గావున ధైర్యము చేసెను.

"పాణిగారూ, కోపింపకుడు. ఆ వీపు మేము చిరకాలముగా నెఱిగినదే. నడుముపై చేయియు, ఆ తాటింపును తమవే. చీర యొక్కటియే భేదము."

కోదండపాణి తెరచెంతకు నడచి, పిల్లవానిలో తన పోలికలు వెదకు తాతవలె చాలసేపు చూచెను. గళము తగ్గెను.

"పొట్టుతోసహా మ్రింగితివా తల్లీ? చెరుగుకొనవలదా?"

"మీరు చెప్పినట్లు చెప్పుటయే చెప్పుట యనుకొంటిని, గురువుగారూ."

ఆయన దగ్గఱనున్న కుర్చీని లాగికొని కూర్చుండెను. మఱుక్షణము మందిరమంతయు కుర్చీల కిఱ్ఱుచప్పుడు. ద్వారమున నిలిచిన ప్రిన్సిపాలుగారు మంచములకు వేఱుతావు చూడుమని బంట్రోతుతో చెప్పి వెడలిరి.

"ఇక నన్ను చిత్రింపుము. మొగమోటము వలదు" అని కోదండపాణి లేచి బోధింపసాగెను. బొమ్మ గీయవలసిన ఘట్టము రాగా, అలవాటు చొప్పున భుజము బల్లవైపు మరలెను. సగములో నాగెను. సుద్దముక్కవంక చూచెను, ఎదుటి మొగములవంక చూచెను. పిమ్మట నెవ్వరికిని వీపు చూపక, తన నల్లకోటుపై, ఎడమవైపున, తెల్లనిగీతలతో హృదయమును గీయుట కారంభించెను.