పుట్టమ్మ సంచి

సంగటికి ఎసరు పెట్టాలి. మూడో గది దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టాలి. వాకిట్లో మందారం కుండీలు పెరట్లోకి మార్చాలి. వార్డు నుంచి రాబోయే పాపకు పూలూ మట్టీ పనికిరావని ఆసుపత్రి నర్సు చెప్పింది. నేల రెండుసార్లు తుడవాలి. చట్నీ కారం లేకుండా నూరాలి. అన్నీ పది గంటల్లోపే.

తెడ్డుతో సంగటి కెలుకుతూనే పుట్టమ్మ గేటు వైపు చూస్తోంది. అరవై ఏళ్లు. పొట్టి మనిషి, గట్టి మనిషి. ముంజేతుల మీద ఆవిరి కాల్చిన మచ్చలు, ఎప్పుడూ తడిసే ఉండే కుచ్చిళ్లు. హోసూరులో పెద్దాసుపత్రి వెనక, జబ్బుపడ్డ పిల్లల తల్లిదండ్రులు ఉచితంగా తలదాచుకునే ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా వంట ఆమెదే.

"ఏం పుట్టమ్మా, పెండ్లికూతురు వస్తాందా యేమి? పొద్దున్నించీ కాలు నిలవలేదే నీకు!" అంది వెల్లుల్లి ఒలుస్తున్న కలైసెల్వి. ఆమె కొడుకు ఇంకా వార్డులోనే ఉన్నాడు.

"పెండ్లికూతురే! డెబ్బై మూడు దినాలు నా చేతి సంగటి తినింది. దాని మొగం నేను సూడొద్దా?"

వార్డులోకి తల్లిని తప్ప ఎవరినీ రానివ్వరు. గంగాభవాని క్యారియర్ పట్టుకుపోయి కూతురు దివ్యశ్రీకి తినిపించేది. ఈ రోజు రక్తం రిపోర్టు బాగుంటే పాపను ఇంటికి పంపుతారు. లేకపోతే మళ్లీ వార్డే.

ఆ ఇంటికి పుట్టమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. వెళ్లేవాళ్లు 'వెళ్లొస్తాం' అనకూడదు, 'పోతాం' అనాలి; మళ్లీ ఆసుపత్రికి వచ్చే పని పడకూడదని. ముప్పై ఏళ్ల కిందట కూతురిని ఆసుపత్రిలో పెట్టి, మెట్ల కింద ఇరవై రాత్రులు పడుకుని, చివరికి ఒక్కతే తన ఊరు కెలమంగలం బస్సెక్కిన మనిషి ఆమె. ఆ రోజు కూడా వార్డు ఆయాతో అలవాటుగా 'పోయొస్తాను' అనే చెప్పింది.

అందుకే ఇంటికి పోయే ప్రతి బిడ్డతోనూ, "నువ్వు రావద్దు, నేనే మీ ఊరికొస్తా," అంటుంది. పొయ్యి వదిలి ఒక్క ఊరికీ పోలేకపోయింది. ఈసారి మాత్రం మేనేజరు తిలక్‌ను వెంటపడి అడిగి, ఆదివారం పాప ఊరు సూళగిరికి పోవడానికి సెలవు తీసుకుంది.

పది దాటిన పావుగంటకు గేటు దగ్గర కేక వినబడింది.

"పుట్టమ్మగారూ! రిపోర్టు బాగుంది! పంపించేశారు!"

గంగాభవాని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తోంది. వెనకాల ఆమె భర్త శశికుమార్ భుజం మీద మాస్కు, ఊలు టోపీ, రెండు పెద్ద కళ్లు. పుట్టమ్మ తెడ్డు వదిలేసి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని పాప పాదాలు పట్టుకుంది.

"మీరేనా సంగటవ్వ?"

"నేనేమ్మా. నీ పొట్టలో సగం నేనే ఉండాను!"

పాప ముద్దన్నర తింది. ఇల్లంతా నిలబడి చూసింది. ఆటో కదిలేటప్పుడు చెయ్యూపుతూ అరిచింది: "అవ్వా, వెళ్లొస్తాం!"

అందరూ పుట్టమ్మ వైపు చూశారు. ఇన్నాళ్లూ వార్డులో ఉన్న పిల్లకు కట్టుబాటు ఎవరు చెప్పారు? పుట్టమ్మే పకపకా నవ్వింది.

"రావద్దు తల్లీ! పోతామను! ఆదివారం నేనే వస్తా. సూళగిరిలో యాడ దిగాల?"

"నీళ్ల ట్యాంకు దగ్గర! నేను నిలబడుంటా! పోతాం అవ్వా, పోతాం!"

పాత్రలు కడిగాక పుట్టమ్మ వంటింటి గోడ మేకుకున్న తన సంచి దించి, దుమ్ము దులిపి, మడత చీర, రాగిపిండి పొట్లం సర్ది మళ్లీ తగిలించింది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. మూడింటికి వార్డుకు పోతూ కలైసెల్వి ఆమె మొహాన ఇంకా నవ్వుండడం చూసి, నిద్ర చెడగొట్టకుండా ఫ్యాను వేసి వెళ్లింది. నాలుగింటికి తిరిగొచ్చి, టీ తెచ్చి తట్టి లేపబోతే పుట్టమ్మ ఒళ్లు చల్లగా తగిలింది.

ఆదివారం నీళ్ల ట్యాంకు దగ్గర పుట్టమ్మకు బదులు కలైసెల్వి దిగింది. పాపకు ఏం చెప్పాలో బస్సులో దారంతా ఆలోచించుకుంటూనే వచ్చింది.

మీరెప్పుడైనా కృష్ణగిరి బస్సులో పోతుంటే, సూళగిరిలో ఆగినప్పుడు ఒక్కసారి పుట్టమ్మను తలచుకోండి. ఆమె సంచి ఇంకా ఆ మేకుకే ఉంది, ప్రయాణానికి సిద్ధంగా, పైముడి కూడా వేసి.