రెండో ఫ్లోటు

సీతారాములు ఫోను ఎత్తక పన్నెండు రోజులైంది. మొదట్లో రింగయ్యేది. ఇప్పుడు స్విచ్చాఫ్ అంటోంది. ఆటోనగర్‌లోని అతని స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్తే, సేటు ఢిల్లీ పోయిండు, ఎప్పుడొస్తడో ఎరుకలేదు అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అంతయ్యకు అన్నం సయించడం లేదు.

అంతయ్య లారీల ఎలక్ట్రీషియను. ఎల్బీనగర్ రింగురోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డు. కొత్తపేట పండ్ల మార్కెట్టుకు సరుకు తెచ్చే లారీలతోనే అతని బతుకు. డ్రైవర్లు క్యాబిన్లో కునుకు తీస్తుంటే దొంగలు ట్యాంకులో పైపు వేసి డీజిల్ లాగేసేవాళ్లు. డ్రైవర్ల గోడు విని విని, రెండేళ్లు తంటాలు పడి అంతయ్య ఒక పెట్టె తయారుచేశాడు. ఇంజను ఆగి ఉన్నప్పుడు ట్యాంకులో డీజిల్ తగ్గితే చాలు, హారను గొల్లుమంటుంది. డీజిల్ మీద తేలే ఫ్లోటు ఒకటి పెట్టి ఇలాంటివి ఇంతకుముందు చేసినవాళ్లు లేకపోలేదు. కానీ ఎవరైనా లారీ ఎక్కి దిగినా డీజిల్ ఊగి, హారను ఊరికే మోగేది. అంతయ్య ట్యాంకు రెండు చివరలా రెండు ఫ్లోట్లు పెట్టాడు. ఒకటి లేచి ఇంకొకటి దిగితే అది ఊగడం. రెండూ కలిసి దిగితేనే దొంగతనం. కిటుకంతా అంతే.

ఆ కిటుకు దాగిన పెట్టెనే సీతారాములు పట్టుకుపోయాడు. ఇద్దరిదీ నల్లగొండ దగ్గర ఒకే ఊరు, ఒకే బడి. "ఢిల్లీల ఒక కంపెనోళ్లు నాకు ఎరుకేరా. జర చూపిచ్చి తెస్త" అన్నాడు. అంతయ్య మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. ఇచ్చేముందు మూత విప్పి, లోపల ఏ తీగ ఎక్కడికి పోతుందో కూడా తానే చూపించాడు. ఇప్పుడదే తలచుకుని తనను తాను తిట్టుకుంటున్నాడు.

పేటెంటు సంగతి చెప్పింది ఒక లారీ డ్రైవరు. దిల్‌సుఖ్‌నగర్‌లో లలితకుమారి అనే ఆవిడ ఉందని, పేటెంట్ల దరఖాస్తులు పెట్టడమే ఆవిడ పని అని చెప్పాడు. అంతయ్య వారం కిందట వెళ్లి కలిశాడు. అంతా చెప్పాడు గానీ రెండో ఫ్లోటు మాట మాత్రం మింగేశాడు. సొంత ఊరోడే ఇట్ల చేసినంక, ఎవరో గుంటూరు నుంచి వచ్చినామెను ఎట్ల నమ్మాలె అని భార్య అరుణమ్మతో అన్నాడు.

"నమ్మనప్పుడు ఎందుకు పోతున్నవ్?" అంది అరుణమ్మ.

"పోకుంటే ఇంకా భయమైతుంది" అన్నాడు.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రెండువేల పదకొండు అక్టోబరు. బస్సులు లేవు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ రోజు బంద్. అంతయ్య కూడా షెడ్డు మూసేశాడు. ఎవరో చెప్పారని కాదు, అతనూ తెలంగాణ రావాలని కోరుకునేవాడే. కానీ లలితకుమారి పొద్దున్నే ఫోను చేసింది. సంతకాలు పెడితే ఈ రోజే ఆన్‌లైన్‌లో చెన్నై పేటెంటు ఆఫీసుకు పంపేస్తానంది. ఎల్బీనగర్ నుంచి కొత్తపేట మీదుగా నడిచి వెళ్లాడు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఎప్పుడూ ఇసకేస్తే రాలని దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద తన చెప్పుల చప్పుడు తనకే వినిపించింది.

ఆఫీసు ఒక కోచింగ్ సెంటరు పైన, మొదటి అంతస్తులో ఉంది. లలితకుమారి తలుపు కొద్దిగా తెరిచి, అతను లోపలికి రాగానే గడియ పెట్టింది. కరెంటు లేదు. టేబులు మీద ల్యాప్‌టాపు వెలుగుతోంది.

"బ్యాటరీ ముప్పావు గంట వస్తుందేమో, ఇక్కడ సంతకం పెట్టండి" అంది.

పెట్టాడు. ఆవిడ రాసినదాన్ని చదివి వినిపిస్తూ మధ్యలో ఆగింది.

"అంతయ్యగారూ, పెట్టెను లారీకి బిగించారన్నారు. అమ్మారా, ఊరికే పరీక్ష కోసమా?"

"అమ్మలె మేడం. నడుస్తదా లేదా సూద్దామని ఒక్క బండికే కట్టిన."

"మంచిది. అమ్మి ఉంటే పేటెంటు రాదు. మరి ఒక్క ఫ్లోటుతో ఇది ఊరికే మోగదా? లారీ కదిలినా మోగాలి కదండీ."

అంతయ్య తల దించుకున్నాడు. "జర మోగుతదనుకో" అన్నాడు.

ఆవిడ అతని వంక చూసింది. "చూడండి, ఈ కాగితంలో లేనిది ఏదైనా రేపు మీది అని నేను వాదించలేను. మీ స్నేహితుడి చేతిలో ఏముందో నాకు తెలియదు. అది ఇందులో లేకపోతే మాత్రం మనం పంపేది ఖాళీ డబ్బానే."

అంతయ్య కాగితం వైపే చూశాడు. చెబితే ఈమె కూడా ఎత్తుకుపోతే? చెప్పకపోతే, ఎత్తుకుపోయింది సీతారాములుదే అయిపోతే? ఎటు చూసినా గొయ్యే.

అంతలో దూరంగా నినాదాలు వినిపించాయి. దగ్గరయ్యాయి. "జై తెలంగాణ" అన్న కేక కింద రోడ్డంతా నిండిపోయింది. కోచింగ్ సెంటరు బోర్డు మీద రాయి పడిన చప్పుడయింది. లలితకుమారి ల్యాప్‌టాపు మూత సగం దించి, వెలుగు బయటికి పోకుండా చేతులు అడ్డం పెట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎవరో తలుపు దబదబా బాదారు.

"లోపల ఎవ్వరున్నరు? బంద్ నాడు ఆఫీసేంది?"

ఆవిడ పెదవులు పాలిపోయాయి. మాట్లాడితే తన యాస బయటపడుతుందని ఆవిడ భయం. అంతయ్యకు ఆ సంగతి అప్పుడే తట్టింది. తలుపు దగ్గరికి వెళ్లి గొంతు సవరించుకున్నాడు.

"నేనే అన్నా, ఎల్బీనగర్ రింగురోడ్డు కాడ లారీలకు వైరింగ్ చేసే అంతయ్యను. నా కాగితాలు తీస్కపోనీకి ఒచ్చిన. ఆఫీసు బందే ఉంది."

బయట గుసగుసలు వినిపించాయి.

"అంతయ్యన్ననా? జల్దీ ఇంటికి పో అన్నా, లొల్లి ఎక్కువైతున్నది" అని ఎవరో అన్నారు. అడుగులు దిగిపోయాయి. అంతయ్య చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

లలితకుమారి మంచినీళ్లు తాగింది. గ్లాసు పళ్లకు తగిలి టకటకమంది. వెళ్లిపోండి, ఇంకోరోజు చూద్దాం అంటుందనుకున్నాడు. ఆవిడ ల్యాప్‌టాపు మూత ఎత్తింది.

"ఇరవై నిమిషాలుంది. ఇంతవరకూ ఉన్నది పంపేయమంటారా?"

అంత భయంలోనూ ఆవిడ పని వదిలిపెట్టకపోవడం చూశాక అతనిలో ఏదో సడలింది. "ఆగున్రి మేడం" అని కాగితం లాక్కున్నాడు. ట్యాంకు గీశాడు. ఈ చివర ఒక ఫ్లోటు, ఆ చివర ఒకటి. లారీ ఒరిగితే ఏమవుతుందో, పైపు వేస్తే ఏమవుతుందో గడగడా చెప్పేశాడు. ఆవిడ మధ్యలో రెండుసార్లు ఆపి అడిగింది. తర్వాత మాట్లాడకుండా టైపు చేసింది.

"ఇదండీ మీరు కనిపెట్టింది. ఇది చెప్పకుండా వెళ్లిపోదామనుకున్నారా?" అంది.

బొమ్మను ఫోనుతో ఫొటో తీసి జతచేసింది. డేటా కార్డులో ఇంటర్నెట్ రెండుసార్లు తెగిపోయింది. మూడోసారి దరఖాస్తు వెళ్లింది. తెర మీద నంబరు వచ్చిన నాలుగు నిమిషాలకు ల్యాప్‌టాపు ఆరిపోయింది.

"ఇగ నాదే గదా మేడం?"

"ఇంకా కాదు. ఈ తేదీ మాత్రం మీది. ఏడాదిలోగా పూర్తి వివరాలతో మళ్లీ పెట్టాలి. మీకన్నా ముందే అతను పెట్టి ఉంటే మాత్రం..." ఆవిడ ఆగింది. "దరఖాస్తులు పద్దెనిమిది నెలలు బయటపెట్టరు. అప్పటిదాకా మనకు తెలియదు."

పద్దెనిమిది నెలలు! అంతయ్య వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు.

దీపావళికి ముందు సీతారాములు తిరిగొచ్చాడు. కంపెనోళ్లకు నచ్చలేదురా అని పెట్టె ఇచ్చేశాడు. మూత స్క్రూలు మార్చి బిగించి ఉన్నాయి. అంతయ్య ఏమీ అడగలేదు. అడిగితే తను దరఖాస్తు పెట్టిన సంగతి నోరు జారుతుందని భయం. ఆ తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో కలిసినప్పుడు సీతారాములు భుజం మీద చెయ్యి వేస్తే, ఏదో పని ఉన్నట్టు అంతయ్య పక్కకు తప్పుకునేవాడు. ఏడాది తిరిగేలోగా లలితకుమారి పూర్తి దరఖాస్తు పెట్టింది. అయినా అంతయ్యకు కంటినిండా నిద్ర లేదు.

రెండువేల పదమూడు ఏప్రిల్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడే ఫోను చేసింది. షెడ్డులో లారీ కింద పడుకుని పని చేస్తున్నవాడు అలాగే ఎత్తాడు.

"పేటెంటు జర్నల్లో మీది వచ్చింది. మీ స్నేహితుడిదీ వచ్చింది. అందులోనూ రెండు ఫ్లోట్లు, అచ్చం మీరు గీసినట్టే బొమ్మ."

అంతయ్య ఫోను చెవికి అదిమి పట్టుకున్నాడు. "ఎవ్వరిది ముందు మేడం?"

"మీదే. అతను మీ తర్వాత నాలుగు రోజులకు పెట్టాడు."

"ఇంకోసారి సూడున్రి మేడం. తారీకు సదువున్రి."

ఆవిడ రెండు తేదీలూ చదివింది. అంతయ్య లారీ కింద నుంచి బయటికి వచ్చాడు. సంతోషం వస్తుందనుకున్నాడు, రాలేదు. ఆ బంద్ నాడు భయపడి ఇంట్లోనే కూర్చుని ఉంటే? తలుపు బాదినప్పుడు ఆవిడ పని ఆపేసి ఉంటే? నాలుగు రోజులు! గ్రీజు గుడ్డ చేతిలో పట్టుకుని లారీ టైరుకు ఆనుకుని కూలబడ్డాడు. చాలాసేపటికి గానీ అరుణమ్మకు ఫోను చేయలేకపోయాడు.