ఆకు కింద కాపురం

పళ్ల డాక్టరమ్మ క్లినిక్ కిటికీకి ఎదురుగా విసనకర్రల్లాంటి ఆకులున్న చెట్టొకటి ఉండేది. ఆ మేడా, ఆ చెట్టూ ఆమె అక్క మొగుడివి. పైన వాళ్ల కాపురం, కింద ఈమె క్లినిక్.

ఆ వేసవిలో ఒక మగ గబ్బిలం ఆ చెట్టు మీద కన్నేసింది. ఒక్కో ఆకు కిందా వేలాడి చూసి, ఎండ తగలనిదీ, అడ్డం లేకుండా కిందికి జారి ఎగరడానికి వీలైనదీ ఎంచుకుంది. రోజూ పొద్దు గూకగానే వచ్చి ఈనెలు కొరికేది. పూర్తిగా తెంపేది కాదు, వంగేంత మాత్రమే. కొన్ని వారాలకు ఆకు అన్ని వైపులా వాలి గొడుగైపోయింది.

"ఏం పళ్లురా నాయనా!" అని డాక్టరమ్మ కిటికీలోంచి ముచ్చటపడేది.

కొన్నాళ్లు అది ఒంటరిగానే పడుకుంది. తర్వాత ఆడ గబ్బిలాలు వచ్చాయి. ఒకటి కాసేపు వేలాడి, నచ్చక చక్కాపోయింది. మిగతావి ఉండిపోయి పిల్లల్ని పెట్టాయి.

అప్పుడే బావగారు కొత్త కారు కొని చెట్టు కింద పెట్టాడు. తెల్లారేసరికి దాని నిండా పండ్ల పిప్పి, రెట్టలు. ఆయనకు ఒళ్లు మండిపోయింది. వెంటనే చెట్లు కొట్టేవాణ్ణి పిలిపించాడు.

నిచ్చెన వేస్తున్న చప్పుడు విని డాక్టరమ్మ చేతి తొడుగులతోనే పరుగెత్తుకొచ్చింది. నోట్లో దూది కుక్కుకున్న పేషెంటు కూడా వెనకాలే వచ్చాడు.

"బావగారూ, ఆగండి! పిల్లలింకా ఎగరలేవు."

"అయితే? మేడ నాది, చెట్టు నాది, కారు నాది."

"గబ్బిలాలు మీవి కావుగా!"

బాల్కనీలోంచి అక్క గొంతు తగ్గించి అంది: "ఒసేయ్, ఆయనకు ఎదురు చెప్పకే. క్లినిక్ పెట్టుకోమన్నది ఆయనే కదే."

"పెట్టుకోమన్నందుకు నోరు తాకట్టు పెట్టానా అక్కా?"

బావగారి మొహం జేవురించింది. "అంత పౌరుషముంటే ఖాళీ చెయ్!"

"చేస్తాను. పిల్లలు ఎగిరాకే చేస్తాను. అప్పటిదాకా ఎక్కేవాడెవడైనా నన్ను దాటి ఎక్కాలి." డాక్టరమ్మ నిచ్చెన మొదటి మెట్టు మీద బైఠాయించింది. పేషెంటు "ఊఁ, ఊఁ" అంటూ పక్కనే నిలబడ్డాడు.

"ముందు మీరూ మీరూ తేల్చుకోండి సార్" అని చెట్లు కొట్టేవాడు కత్తి సంచిలో పెట్టేశాడు. బావగారు గొణుక్కుంటూ కారు అవతలకు జరిపాడు.

ఆ రోజు నుంచి ఆయన మరదలితో మాటలు మానేశాడు. అక్క మాత్రం ఒకరోజు ఆయన లేనప్పుడు దిగివచ్చి, ఆకు కిందకు తొంగిచూసింది. "కుక్కపిల్ల మొహంలా ఉందే!" అని నవ్వింది.

పిల్లలు ఎగరడం మొదలుపెట్టిన వారమే డాక్టరమ్మ సామాను సర్దసాగింది. బావగారు గుమ్మంలో నిలబడి నసిగాడు.

"ఏదో కోపంలో అన్నానమ్మా. చెట్టు కొట్టించనులే. ఉండు."

"చెట్టు ఉంచుతున్నందుకు సంతోషం బావగారూ. నేను మాత్రం ఉండను. పొమ్మనిపించుకున్న చోట పళ్లు బిగబట్టుకుని బతకడం నా వల్ల కాదు."

వీధి చివర చిన్న గది అప్పటికే మాట్లాడుకుంది. పేషెంట్లను పడుకోబెట్టే కుర్చీ, అది లోపలికి వచ్చాక కొత్తగా బిగించిన ఇరుకు గుమ్మంలోంచి బయటకు రాలేదు. డాక్టరమ్మ వడ్రంగికి కబురు పెట్టింది.

"గుమ్మం ఊడదీయిస్తావా?" బావగారు గుడ్లు తేలేశాడు.

"రేపు మళ్లీ బిగించి ఇస్తాడు లెండి" అంటూ ఆమె దారికడ్డంగా ఉన్న స్టూలు పక్కకు జరిపింది.